మూడే ఎందుకు, నాలుగు ఎందుకు కాదు?

నర్సీపట్నం నుంచి ఒక లెక్కల మాస్టారు ఉత్తరం రాశారు. డిసెంబర్ 22న, జాతీయ గణిత దినోత్సవం నాడు, వాళ్ల బడిలో నల్లబల్ల మీద రామానుజన్ లెక్క ఒకటి వేశారట:

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …)))) = 3

పదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “మాస్టారూ, ఇలాగే చేస్తే 4 కూడా వచ్చేస్తాది కదండీ?” అందట. బల్ల దగ్గరకొచ్చి చేసి చూపించింది కూడా. ఆ ఉత్తరం చదివిన రాత్రి నేను వేరే పని ముట్టుకోలేదు.

రామానుజన్ కథ అందరికీ తెలిసిందే. మనవైపు సంగతులు మాత్రం చెప్పి ముందుకెళ్తాను. 1905 ఆగస్టులో, కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోయాక, పదిహేడేళ్ల కుర్రాడు ఇంట్లో చెప్పకుండా రైలెక్కి వచ్చింది మన విశాఖపట్నానికే. 1907లో ఇండియన్ మాథమెటికల్ సొసైటీకి పునాది వేసిన వి. రామస్వామి అయ్యర్ అప్పట్లో గుత్తిలో డిప్యూటీ కలెక్టర్. తర్వాత రామానుజన్‌కి నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకున్నది నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు. ఆ సొసైటీ పత్రికలోనే 1911లో రామానుజన్ పై లెక్కను పాఠకుల ముందు పెట్టాడు. ఎవరూ జవాబు పంపలేదు. చివరికి తనే చెప్పాడు.

జవాబు చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. 3 అంటే √9. తొమ్మిదిని 1 + 2×4 అని రాయండి. ఆ 4 అంటే √16. పదహారుని 1 + 3×5 అని రాయండి. ఆ 5 అంటే √25, అంటే 1 + 4×6కి మూలం. ప్రతి సంఖ్యా తర్వాతి సంఖ్యని కడుపులో పెట్టుకుని ఉంది. ఇలా పోతూనే ఉండొచ్చు.

మరి ఆ అమ్మాయి చేసిందేమిటి? 4 అంటే √16. పదహారుని 1 + 2×7.5 అని రాసింది. 7.5 వర్గం 56.25, అంటే సుమారుగా 1 + 3×18.4. దాని లోపల 84.5, ఆ లోపల 1,429. ఒక్క మెట్టులోనూ తప్పు లేదు. బయటికి కనిపించే 1, 2, 3, 4 అవే, చుక్కలూ అవే!

కిటుకంతా ఆ చుక్కల్లోనే ఉంది. చుక్కలంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఎక్కడో ఒకచోట ఆపి, లోపల మిగిలినదాని స్థానంలో 1 పెట్టి లెక్క కట్టాలి. ఆపే చోటు ఒక్కో మెట్టూ లోపలికి జరుపుతూ పోతే 1.73, 2.24, 2.56, 2.76, 2.87 వస్తాయి. నడక మూడు వైపే.

ఎందుకో తెలియాలంటే క్యాలిక్యులేటర్ తీసుకోండి. 100 కొట్టి, వర్గమూలం బటన్ నొక్కుతూ పొండి. 10, 3.16, 1.78, 1.33... పదోసారికి 1.0045. వర్గమూలం తప్పుని అలా నలిపేస్తుంది. రామానుజన్ గొలుసులో 100 ఉండాల్సిన చోట 1 పెట్టామనుకోండి. అది నూరు రెట్ల తప్పు. కానీ ఆ తప్పు బయటికి రావాలంటే 97 మూలాలు దాటాలి. పది దాటేసరికే దాని పని అయిపోయింది!

అమ్మాయి గొలుసులో 1,429 తర్వాత మూడు లక్షల నలభై వేలు, ఆ తర్వాత 1,600 కోట్ల పైమాట. మూలం నలిపే వేగంతోనే లోపలి సంఖ్య ఉబ్బుతోంది. దాన్ని తీసి 1 పెడితే ఆ తప్పు చావదు, బయటిదాకా వస్తుంది. నాలుగుని నిలబెట్టింది ఆ దాగిన సంఖ్యే, చుక్కలు కాదు.

ఈ మెట్టు రామానుజన్ అచ్చువేయించిన జవాబులో లేదు! గొలుసు ఒక విలువ దగ్గర స్థిరపడుతుందని ఆయన చూపలేదు. ఆయన ఫలితం నిజం, రుజువు మాత్రం సగమే. ఇలాంటి గొలుసులు ఎప్పుడు స్థిరపడతాయో, లోపలి సంఖ్యలు ఎంత వేగం దాటకూడదో తేల్చిన నియమం టి. విజయరాఘవన్‌ది. ఆక్స్‌ఫర్డ్‌లో గణితవేత్త హార్డీకి శిష్యుడాయన. తర్వాత విశాఖపట్నం వాల్తేరులో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే, ఆచార్యులుగా పనిచేశారు. రామానుజన్ పారిపోయి వచ్చిన ఊరే అది.

“దీనివల్ల ఉపయోగమేమిటి?” అని మాస్టారు చివర్లో అడిగారు. ప్రతి మంచి ప్రశ్నకీ ఈ తోక తగిలించడం నాకు బాధగా ఉంటుంది. అంతులేని లెక్కని ఎక్కడ ఆపితే ఎంత తప్పొస్తుందన్నది కంప్యూటర్‌కి రోజూ పడే అవసరం. అంతకంటే చెప్పను. ఆ అమ్మాయి ఉపయోగం కోసం లేచి నిలబడలేదు.

మాస్టారూ, ఈసారి ఆమెని 2.9తో మొదలుపెట్టమనండి. లోపల 3.7 వస్తుంది, తర్వాత 4.24, 4.25, అక్కణ్ణుంచి దిగుడు: 3.41, 1.77, 0.31. ఆ తర్వాతి మెట్టులో రుణసంఖ్య. ఏ వర్గమూలమూ రుణసంఖ్య కాదు కాబట్టి గొలుసు అక్కడితో తెగిపోతుంది.