గుగ్గులు అడిగే ముందు

నాగాయలంకలో నాది మందుల షాపు. ఈమధ్య తరచూ వింటున్న మాట: "బాబాయ్, కిడ్నీలకు గుగ్గులు మంచిదంటగా, ఓ డబ్బా ఇవ్వు." అడిగేది ఎక్కువగా రొయ్యల చెరువుల మీద పనిచేసే కుర్రాళ్లు. దాంతోపాటే నాలుగు నొప్పి బిళ్ళలు కూడా అడుగుతారు. నాకు భయం ఆ బిళ్ళలతోనే.

గుగ్గులు రాజస్థాన్, కచ్ మెట్టల్లో పెరిగే ముళ్లపొద జిగురు. బెరడుకు గాటుపెడితే కారుతుంది. మన కొండల్లోని అందుగు చెట్టు బంకా ఆ కుటుంబానిదే. గుగ్గులును పల్లేరుకాయలతో కలిపి చేసే గోక్షురాది గుగ్గులును ఆయుర్వేద వైద్యులు మూత్ర బాధలకు చాలాకాలంగా ఇస్తున్నారు. కాబట్టి కుర్రాళ్ల ప్రశ్నను నేను కొట్టిపారేయను.

ప్రయోగశాలల్లో ఎలుకలకు జెంటామైసిన్‌ లాంటి మందు ఎక్కువ మోతాదులో ఎక్కించి కిడ్నీలను దెబ్బతీస్తారు. కొన్నిటికి ముందునుంచీ ఇలాంటి బంక సారం పట్టిస్తారు. అలాంటి పరీక్షల్లో సారం తాగిన ఎలుకల రక్తంలో యూరియా, క్రియాటినిన్ అంతగా పెరగలేదని పరిశోధకులు రాశారు. అందుగు బంకలోని బాస్వెల్లిక్ ఆమ్లాలు వాపును రగిలించే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. మంచి ఆనవాలే, పరిశోధన సాగాల్సిందే. కానీ దెబ్బ ఎప్పుడు తగులుతుందో ఆ ఎలుక విషయంలో ముందే తెలుసు. మన మనిషికి తెలియదు.

గుగ్గులు కథ కూడా జాగ్రత్తగా ఉండమనే చెబుతుంది. 1966లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్ల మీద పరీక్షించి, అది రక్తంలో కొవ్వు తగ్గిస్తుందని చూపారు. తర్వాత దాని సారం మన దేశంలో మందుగానూ వచ్చింది. 2003లో అమెరికాలో మనుషుల మీద పరీక్షిస్తే చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది. కొందరికి ఒంటిమీద దద్దుర్లూ వచ్చాయి. కుందేలుకు పనిచేసింది కదా అని మనిషికీ పనిచేస్తుందనుకోలేం.

ఇక నొప్పి బిళ్ళ సంగతి. ఎండలో చెమటలు కక్కి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా నాళాలను తెరిచి ఉంచే పదార్థాలు శరీరంలోనే తయారవుతాయి. డైక్లోఫినాక్ లాంటివి సరిగ్గా వాటినే ఆపేస్తాయి. నీళ్లు తాగకుండా, రోజూ, ఎవరినీ అడక్కుండా మింగితే కిడ్నీ దెబ్బతినొచ్చు. నొప్పి ఉండదు గనక తెలియదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఇంకా ముప్పు.

మా దివిసీమలో కిడ్నీకి ఇంకో శత్రువు ఉంది, రక్తపింజర పాము. 2018 ఆగస్టులో పాముకాట్లు పెరిగి జనం హడలిపోతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్లో సర్పయాగం చేశారు. దేవుడికి మొక్కుకోండి, కాదనను. పింజర విషం మాత్రం రక్తం గడ్డకట్టే గుణాన్ని పాడుచేస్తుంది, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. దానికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే సూదిమందే. ఏ బంకా, ఏ వేరూ కాదు. పైగా పాముకాటుకని నూరిపోసే ఈశ్వరి వేరులో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది, అదే కిడ్నీలకు విషం. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఈ జాతి మూలిక కలిసిన మందులు వాడిన ఆడవాళ్లలో కొందరికి కిడ్నీలు చెడిపోయాయి. చెట్టు మందు గనక హాని చేయదనుకోవడం తప్పు.

అందుకే ఆ కుర్రాళ్లకు గుగ్గులు డబ్బా చేతిలో పెట్టను. "ముందు క్రియాటినిన్ పరీక్ష, ఓ మూత్రం పరీక్ష చేయించుకో నాన్నా, రిపోర్టు డాక్టరుకు చూపించు" అంటాను. ఆయుర్వేదం వాడుతుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పమంటాను. మీ ఇంట్లో ఎవరైనా రోజూ నొప్పి బిళ్ళ మింగుతుంటే, ఈ వారంలోనే వాళ్లను పరీక్షకు తీసుకెళ్లండి. పాము కరిస్తే నాటువైద్యుడి దగ్గర ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.