మీకు తెలుసా? రొమ్ము ఇంప్లాంట్ బిగుసుకుంటే గట్టిదనాన్ని కొలవొచ్చు

రొమ్ములో సిలికాన్ ఇంప్లాంట్ అమర్చాక శరీరం దాని చుట్టూ పలుచని పొర కట్టుకుంటుంది. అది మామూలే. కొందరిలో ఆ పొర మందమై, బిగుసుకుపోయి నొప్పి పెడుతుంది. 1970ల నుంచి డాక్టర్లు చేత్తో నొక్కి చూసి, బేకర్ పద్ధతిలో దీన్ని నాలుగు స్థాయిలుగా చెబుతున్నారు. నాలుగోది బాగా గట్టిపడి నొప్పి పుట్టే దశ. చిక్కేమిటంటే, ఒకరి వేళ్లకు రెండో స్థాయి అనిపించింది మరొకరికి మూడోది కావచ్చు.

షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీ అనే అల్ట్రాసౌండ్ పద్ధతి ఆ అంచనాకు అంకె జోడిస్తుంది. ప్రోబ్ కణజాలాన్ని సన్నగా కుదిపి, ఆ కుదుపుతో పుట్టిన అల పక్కకు ఎంత వేగంగా పాకిందో చూస్తుంది. వేగం రెట్టింపైతే గట్టిదనం నాలుగింతలు! ఇంకో తమాషా: శబ్దం కణజాలంలో సెకనుకు సుమారు 1,540 మీటర్లు వెళ్తే, సిలికాన్‌లో 1,000 దగ్గరే. అందుకే తెర మీద ఇంప్లాంట్ అసలుకన్నా మందంగా కనబడుతుంది. నొప్పిని మాత్రం ఏ యంత్రమూ కొలవలేదు, అది మనిషి నోటే వినాలి.

అండమాన్‌లోని డిగ్లీపూర్ నుంచి ఈ పరీక్షకు పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) వెళ్లాలంటే సుమారు 300 కిలోమీటర్లు. ప్రతి స్కానింగ్ యంత్రంలోనూ ఎలాస్టోగ్రఫీ సదుపాయం ఉండదు. బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.