ఉరుములో పుట్టిన కీర్తన

విద్యార్థులు అడుగు ప్రశ్నలలో కొన్ని తరగతి ముగిసిన పిమ్మట కూడ మమ్ము వెంబడించుచుండును. ఒక వానకాలపు దినమున మెరుపును, ఉరుమును గూర్చి పాఠము చెప్పుచుండగా అట్టి ప్రశ్న యొకటి మా యెదుటికి వచ్చెను. "ఉరుమనగా వేడెక్కి వ్యాకోచించిన గాలి మాత్రమే అయినచో, దానిని విని దేవుని కీర్తించిన వారందరు పొరబడినట్లే కదా?" అని ఒక విద్యార్థి అడిగెను. తోటివారు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నలో వెక్కిరింత కంటె భయమే ఎక్కువగా కనబడెను. కారణము తెలిసినంతనే అద్భుతము అంతరించునా? పాఠము నేర్చినకొలది పాట దూరమగునా? గంట మ్రోగుటచే ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఈ వ్యాసమున చెప్పబూనుచున్నాము. ఇందులకు ప్రపంచమంతట ప్రసిద్ధికెక్కిన ఒక క్రైస్తవ కీర్తనను ఆధారముగా గైకొనుచున్నాము. ఆ కీర్తన ఒక ఉరుము నుండియే పుట్టినది.

ఒక సాయంకాలము

స్వీడన్ దేశపు ఆగ్నేయ తీరమున మోన్‌స్టెరోస్ అను చిన్న పట్టణము కలదు. ఓడలు కట్టు వడ్రంగి కుమారుడైన కార్ల్ బోబెర్గ్ (1859-1940) ఆ ప్రాంతపువాడు. 1885వ సంవత్సరమున ఒకనాడు అతడు ప్రార్థనకు పోయి ఇంటికి మరలుచుండగా ఆకాశమున కారుమేఘము క్రమ్మెను. మెరుపులు మెరసెను. ఉరుములు దద్దరిల్లెను. పచ్చికబయళ్ళ మీదుగా, పైరుల మీదుగా పెనుగాలి వీచి వాన కురిసెను. కొంతసేపటికి వాన వెలసి ఇంద్రధనుస్సు తోచెను. అతడు ఇల్లు చేరి కిటికీ తెరచి చూడగా ఎదుట సముద్రపు పాయ అద్దమువలె నిశ్చలముగా నుండెను. ఆవలి ఒడ్డున గల అడవి నుండి థ్రష్ అను పాటపిట్ట కూత వినవచ్చెను. ఆ ప్రశాంత సంధ్యలో చర్చి గంటలు మ్రోగుచుండెను.

ఈ అనుభవమే "ఓ స్టూరె గుద్", అనగా "ఓ గొప్ప దేవా", అను తొమ్మిది చరణముల గీతమయ్యెను. అది 1886లో ఒక స్థానిక పత్రికలో అచ్చయ్యెను. కొలది యేండ్లకు జనులు దానిని ఒక స్వీడిష్ జానపద బాణీలో పాడుచుండగా విని బోబెర్గ్ తానే ఆశ్చర్యపడెను. ఆయన తరువాత పత్రికా సంపాదకుడుగను, స్వీడన్ పార్లమెంటు సభ్యుడుగను పని చేసెను. అయినను ఆయన పేరు నేటికి నిలిచియున్నది ఆ ఒక్క సాయంకాలము వలననే.

బోబెర్గ్ చూచినవి, విన్నవి ఒకటొకటిగా తీసికొని శాస్త్రము వాటిని గూర్చి ఏమి చెప్పుచున్నదో చూచెదము.

ఉరుము

మన పల్లెలలో ఉరుము వినబడగానే "అర్జునా, ఫల్గుణా" అని పెద్దలు తలచుకొనుట కద్దు. ఆకాశము పగులునట్టి ఆ ధ్వనికి గుండె ఝల్లుమనుట సహజము. అయితే ఆ ధ్వనిని పుట్టించు మెరుపు దారి మందము సుమారు బొటనవ్రేలంత మాత్రమే యని యెరిగినవారు అరుదు. దాని పొడవు మాత్రము కొన్ని కిలోమీటర్లుండును. ఆ సన్నని దారిలోని గాలి సెకనులో లక్షవ వంతు కాలమున దాదాపు 30,000 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కును. సూర్యుని ఉపరితలపు వేడిమి సుమారు 5,500 డిగ్రీలే. అనగా మన పొలము మీద మెరసిన మెరుపు సూర్యుని ముఖము కంటె అయిదు రెట్లు వేడి యన్నమాట. అంత వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించి ప్రేలును. ఆ ప్రేలుడే ఉరుము.

మెరుపు క్షణమాత్రమే కదా, ఉరుము అంతసేపు దొరలుట యేల? మెరుపు దారిలో మనకు దగ్గరగా నున్న కొస నుండి వచ్చు శబ్దము ముందుగను, దూరపు కొస నుండి వచ్చు శబ్దము వెనుకగను చెవి చేరును. ఆ నడుమ నున్న శబ్దమంతయు వరుసగా వచ్చుటచే ఉరుము దొరలినట్లు వినబడును. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. శబ్దము సుమారు 340 మీటర్లే పోవును. కావున మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు సెకనులు లెక్కించి, ఆ సంఖ్యను మూడుచే భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున నున్నదో తెలియును.

ఇది వట్టి వినోదపు లెక్క కాదు. మన దేశమున ఏటేట రెండువేల మందికి పైగా పిడుగుపాటుకు ప్రాణములు కోల్పోవుచున్నారు. వారిలో పెక్కుమంది పొలములలో పని చేయువారు, పశువులను కాచువారు, వానకు వెరచి చెట్టు క్రింద నిలిచినవారు. లెక్క ముప్పదిలోపు వచ్చినచో పిడుగు పది కిలోమీటర్ల లోపల నున్నదని గ్రహించి పక్కా యింటిలోనికి పోవలెను. చెట్టు నీడకు ఎన్నడును పోరాదు. ఉరుమును గూర్చిన జ్ఞానము ఒక కాపరి ప్రాణము నిలిపినచో, ఆ జ్ఞానము ఉరుము యొక్క గొప్పతనమును తగ్గించినదని ఎవరనగలరు?

ఇంద్రధనుస్సు

తెలుగున హరివిల్లనియు, ఉర్దూలో కౌస్-ఎ-కజహ్ అనియు పిలువబడు ఈ వింతను చూడగోరువారు సూర్యునికి వీపు త్రిప్పి నిలువవలెను. ఎదుట కురియుచున్న వానచినుకులలోనికి సూర్యకాంతి చొచ్చి, వంగి, చినుకు వెనుక గోడకు తగిలి మరలి, మరల వంగి బయటికి వచ్చును. ఒక్కొక్క రంగు ఒక్కొక్క కోణమున వంగుటచే రంగులు విడిపోవును. ఎరుపు సుమారు 42 డిగ్రీల కోణమున మన కంటికి చేరును. అందువలననే సూర్యుడు 42 డిగ్రీల కంటె ఎత్తున నున్నపుడు నేలమీద నిలిచినవారికి ఆకాశమున హరివిల్లు కానరాదు. మన వైపు అది ఉదయము పడమటను, సాయంకాలము తూర్పునను కనబడుటకు కారణమిదియే.

మరియొక వింత గలదు. ప్రక్కప్రక్కన నిలిచిన ఇద్దరు మిత్రులు చూచునది ఒకే ఇంద్రధనుస్సు కాదు. ఒకని కంటికి రంగులు పంపు చినుకులు వేరు, రెండవవాని కంటికి పంపు చినుకులు వేరు. ఎవరి హరివిల్లు వారిదే!

ఈ రహస్యమును ఛేదించిన చరిత్ర మరింత మనోహరమైనది. క్రీ.శ. 1267లో జన్మించిన పారశీక విద్వాంసుడు కమాలుద్దీన్ అల్ ఫారిసీ నీరు నింపిన గాజుగోళమును ఒక పెద్ద వానచినుకుగా భావించి, చీకటిగదిలో దానిపై కాంతి ప్రసరింపజేసి పరిశోధించెను. దాదాపు ఆ కాలముననే జర్మనీలో థియోడరిక్ అను క్రైస్తవ సన్యాసి కూడ నీరు నింపిన గాజుగోళమును చేతబట్టి అదే నిర్ణయమునకు వచ్చెను. ఒకరి సంగతి మరొకరికి తెలియదు. కాని అల్ ఫారిసీ వ్యాఖ్యానము వ్రాసినది ఇబ్న్ అల్ హైతమ్ రచించిన కాంతిశాస్త్ర గ్రంథమునకే. ఆ గ్రంథమే లాటిను అనువాదము ద్వారా ఐరోపా పండితులకును అందియుండెను. ఒక్క గురువు గ్రంథము నుండి బయలుదేరిన ఇద్దరు శిష్యులు రెండు దేశములలో, రెండు మతములలో నుండి ఒకే ఫలితమును సాధించిరి. ఇరువురును దైవభక్తులే. హరివిల్లు కారణమును వెదకుట వారి భక్తికి అడ్డు రాలేదు.

ఆవలి ఒడ్డు నుండి వినబడిన పాట

పగటివేళ వినబడని దూరపు కూత సాయంకాలము నీటి మీదుగా వినబడుట మన గోదావరి, కృష్ణా తీరవాసులు ఎరిగినదే. నిశ్శబ్దమొక్కటే దీనికి కారణము కాదు. శబ్దము చల్లని గాలిలో కంటె వెచ్చని గాలిలో వేగముగా పోవును. పగలు నేలకు దగ్గరగా నున్న గాలి వేడిగా నుండుటచే శబ్దము పైకి వంగి మన తలల మీదుగా పోవును. సాయంకాలము గాలి నిలిచిపోయి, నీటిని అంటియున్న పొర చల్లబడి, దాని మీది పొర వెచ్చగా నున్నపుడు శబ్దము క్రిందికి వంగి నీటి వెంబడి దూరము వరకు సాగివచ్చును. ఉరుము శాంతించిన పిమ్మట పాయ కావలనున్న పిట్ట పాట బోబెర్గ్ కిటికీ వరకు వచ్చుటకు ఆ సంధ్యాకాలపు గాలియు తోడ్పడియుండును.

ఆ పిట్ట గొంతును గూర్చి కూడ చెప్పవలసియున్నది. మనుష్యుని స్వరపేటిక శ్వాసనాళము పైకొసన నున్నది. పక్షి స్వరయంత్రము నాళము క్రిందికొసన, అది రెండుగా చీలి ఊపిరితిత్తులకు పోవు చోట నున్నది. పాటపిట్టలు ఆ రెండు శాఖలను వేర్వేరుగా నడుపగలవు. కావుననే థ్రష్ జాతి పిట్టలు కొన్ని ఒకేసారి రెండు స్వరములు పలుకును. తనకు తానే జంటగాత్రము పాడుకొను భాగ్యము మానవ గాయకులకు సులభముగా లభించునది కాదు.

ఇంకను ఆశ్చర్యమేమనగా, పాటపిట్టలు పాటను పుట్టుకతో సంపూర్ణముగా తెచ్చుకొనవు. చిన్నతనమున పెద్దపిట్టల పాట విని నేర్చుకొనును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున విలియం థోర్ప్ 1950వ దశకమున చాఫించ్ అను పిట్టలను ఒంటరిగా పెంచి పరిశీలింపగా, పెద్దల పాట వినని పిల్లలు ముక్కముక్కలైన అసంపూర్ణ గానమునే చేసినవి. ఒకే జాతి పిట్టలకు సైతము ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క మాండలికముండుట కలదు.

కీర్తన చేసిన ప్రయాణము

మనుష్యుల పాటయు అట్లే ఒకరి నోటినుండి ఒకరు నేర్చుకొనుటచే బ్రతుకును. బోబెర్గ్ గీతమును ఎస్టోనియాలో విన్న మాన్‌ఫ్రెడ్ ఫాన్ గ్లేన్ 1907లో జర్మను భాషలోనికి మార్చెను. జర్మను నుండి ఇవాన్ ప్రొఖానొవ్ 1912లో రష్యనులోనికి తెచ్చెను. రష్యను పాఠమును స్టువర్ట్ హైన్ అను ఆంగ్లేయ మతప్రచారకుడు పశ్చిమ ఉక్రెయిన్ ప్రాంతమున వినెను. ఆయన కార్పేథియన్ కొండలలో సంచరించుచుండగా కొండ నుండి కొండకు ప్రతిధ్వనించు ఉరుములు విని ఆంగ్లమున ఒక చరణము కట్టెను. ఇట్లు ఈ కీర్తన రెండుమారులు ఉరుము నుండి పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఇంగ్లండు చేరిన కాందిశీకుల నడుమ పని చేయుచు ఆయన చివరి చరణమును చేర్చెను. 1949లో "హౌ గ్రేట్ దౌ ఆర్ట్" అను పేర దానిని ప్రకటించెను.

అటుపిమ్మట జరిగినది మన దేశమునకు సంబంధించినది. 1954లో నాసిక్ సమీపముననున్న దేవళాలిలో జరిగిన సభలో నాగా గిరిజనుల గాయకబృందము ఈ కీర్తనను స్వయముగా శ్రుతులు కూర్చుకొని పాడెను. దానిని విని ముగ్ధుడైన ఎడ్విన్ ఆర్ అను ప్రబోధకుడు ఆ యేడే దానిని అమెరికాకు కొనిపోయెను. బిల్లీ గ్రాహం సభలలో జార్జి బెవర్లీ షే 1955లో టొరంటో నగరమునను, 1957లో న్యూయార్కు నగరమునను దానిని పాడగా అది లక్షలమంది నోట నిలిచెను. ఎల్విస్ ప్రెస్లీ 1967లో ఇదే పేర వెలువరించిన గానసంపుటి గ్రామీ బహుమతి నందెను. రాక్ సంగీతమునకు రారాజని పేరుగాంచిన ఆయన పోటీలో గెలిచిన మూడు గ్రామీ బహుమతులును భక్తిగీతములకే లభించినవి. అందులో రెండు ఈ కీర్తనకు సంబంధించినవే. మన యీశాన్య కొండల గాయకులు పాడని యెడల ఈ పాట అమెరికాకు ఏ దారిన చేరియుండెడిదో!

మా సమాధానము

దేవుడు కలడా లేడా యను వాదమును తెంపుటకు మేము ఈ వ్యాసము వ్రాయలేదు. ఉరుము గాలి వ్యాకోచమే. హరివిల్లు కాంతి వక్రీభవనమే. వాటిని విని, చూచి పాడినవాడు వాటి కారణమును చెప్పబూనలేదు, తన గుండె స్పందనను చెప్పెను. కావున అతడు పొరబడలేదు. కారణమును వెదకిన అల్ ఫారిసీయు, థియోడరిక్కును కూడ పొరబడలేదు. వారు ఆ గాజుగోళమును చేతబట్టుటకు పురికొల్పినది సైతము ఆశ్చర్యమే. కారణము తెలియుటతో ఆశ్చర్యము తరిగిపోవుట మేము చూడలేదు. ఒక్క ఉరుమును విని ఆశ్చర్యపడువాడు, బొటనవ్రేలంత దారిలో సూర్యుని మించిన వేడి యున్నదని తెలిసినపుడు రెండవసారి ఆశ్చర్యపడుచున్నాడు.

ఆ విద్యార్థికిని, అతనితో నవ్విన మిత్రులకును మేము చెప్పునది ఇంతియే. ఈసారి మబ్బు పట్టినపుడు ముందుగా ఇంటిలోనికి పొండు. మెరుపుకును ఉరుముకును నడుమ సెకనులు లెక్కింపుడు. వాన వెలసిన పిమ్మట సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి మీ మీ హరివిల్లులను చూడుడు. పొద్దు వ్రాలినపుడు చెరువుగట్టున కొంతసేపు మౌనముగా నుండి ఆవలి ఒడ్డు పిట్టపాట వినుడు. పాట పాడవలెనని తోచినచో, పాఠము గుర్తున్నదని సంకోచింపక పాడుడు.