విసురు వలకూ వెలుగు రవ్వకూ ఒకటే లెక్క

నెల్లూరు: ముత్తుకూరు మొదలు అల్లూరు దాకా సముద్రపుటొడ్డున రొయ్యలు సాగుచేసే రైతుకు తెల్లవారితే ఒకటే బెంగ. గుంటలో ఎన్ని మిగిలాయి? కౌంటు ఎంతకొచ్చింది? నీళ్లన్నీ తోడి చూడలేడు కదా! విసురు వల నాలుగు చోట్ల వేసి, పడినవాటిని తూచి, లెక్కపెట్టి, మొత్తం గుంటకు అంచనా కడతాడు. వేసే మేత, పట్టుబడి రోజు ఆ అంచనాను బట్టే ఉంటాయి. అంచనా తప్పితే మిగిలేది అప్పే.

కొద్దిగా చూసి మొత్తాన్ని అంచనా కట్టే ఈ పనికి ఒక శాస్త్రముంది. అదే గణాంక శాస్త్రం. ఎంతటి నేర్పరి అయినా చేతికందిన నమూనాతో ఇంతకు మించి కచ్చితంగా చెప్పలేడని హద్దు గీసి చూపినవారు మన తెలుగువారే కావడం విశేషం. ఆయన పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్.రావు.

1920 సెప్టెంబరు 10న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ బళ్లారి జిల్లా హడగళిలో పదిమంది సంతానంలో ఎనిమిదోవాడుగా పుట్టారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. 1941లో అక్కడి భారతీయ గణాంక సంస్థలో శిక్షణకు చేరారు.

తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, పెద్ద నమూనాలకు చెప్పిన ఈ సూత్రం చిన్న నమూనాలకు కూడా వర్తిస్తుందా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రే కూర్చుని జవాబు సాధించారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అది అచ్చయింది. స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ క్రేమర్ కూడా విడిగా అదే ఫలితం కనుగొనడంతో దానికి క్రేమర్-రావు హద్దు అని పేరు వచ్చింది.

ఇందులోని నీతి రైతుకు తేలికగానే బోధపడుతుంది. వల వేసే చోట్లు రెట్టింపు చేసినంత మాత్రాన అంచనాలో తేడా సగం కాదు. నాలుగింతలు చేస్తేనే సగమవుతుంది. అదీ మేత పడే మూలనే కాకుండా గుంటంతా తిరిగి వేస్తేనే.

ఇదే లెక్క కంటికి కనిపించని చోట కూడా పనికొస్తోంది. కంప్యూటరు చిప్పుల్లో వాడే సెమీకండక్టరు జాతి పదార్థాలను అతి సన్నని రవ్వలుగా తయారుచేస్తే వాటిని క్వాంటం డాట్లు అంటారు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో కొద్ది భాగాలంత ఉంటాయి. ఒకే పదార్థమైనా రవ్వ చిన్నదైతే నీలి వెలుగు, పెద్దదైతే ఎర్ర వెలుగు ఇస్తుంది. కొన్ని టీవీ తెరల్లో వీటిని వాడుతున్నారు.

జీవకణంలో ఏది ఎటు కదులుతోందో కనిపెట్టడానికి ఈ రవ్వలను దానికి తగిలించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. రవ్వ అక్కడ మసక మచ్చలా కనిపిస్తుంది. దాని నడిమి చోటు ఎక్కడో అంచనా కట్టాలి. అందిన వెలుగు కణాలే అక్కడ వలకు పడిన రొయ్యలు. నాలుగింతల వెలుగు అందితే తేడా సగమవుతుంది. అంతకన్నా కచ్చితంగా చెప్పడం సాధ్యమా అని చూసుకోవడానికి శాస్త్రవేత్తలకు కొలబద్ద రావు గారి హద్దే.

శాస్త్రవేత్త పనిని తూచడానికి ఇప్పుడొక పద్ధతి ఉంది. ఎన్ని పత్రాలు రాశారు, వాటిని ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారు అని లెక్కిస్తారు. రావు గారు 400కు పైగా పత్రాలు రాశారు. అయినా ఆయన పని ఈ తూకానికి పూర్తిగా అందదు. 1945 నాటి ఫలితం పాఠ్యపుస్తకాల్లో కలిసిపోయింది. వాడుకునేవారిలో చాలామంది మూల పత్రాన్ని పేర్కొనరు. మంచి విత్తనం ఊరంతా పాకాక మొదట తెచ్చిందెవరని ఎవరడుగుతారు?

గుర్తింపు మాత్రం ఆగలేదు. 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. 2023లో, ఆ పత్రం వెలువడిన 78 ఏళ్లకు, అంతర్జాతీయ గణాంక బహుమతి ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 22న ఆయన అమెరికాలో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అక్టోబరులో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి క్వాంటం డాట్లను కనుగొని తయారుచేసిన ముగ్గురికి దక్కింది.

ఇంత కథకూ మొదలు తరగతి గదిలో ఒక కుర్రవాడు వేసిన ప్రశ్న. మన తీరంలోని బడిపిల్లలను ఒక్కపూట గుంట గట్టు మీదికి తీసుకుపోయి, వల వేయించి, లెక్క కట్టించి చూపితే అలాంటి ప్రశ్న ఇక్కడా పుట్టవచ్చు. దానికి నిధులూ అక్కర్లేదు, జీవోలూ అక్కర్లేదు.