ఉద్దానం నుంచి పాతపట్నం దాకా: గ్రామీణ వయోజనుల్లో గుండె, జీవక్రియ, మూత్రపిండాల ఆరోగ్యం

వ్యాససంగ్రహం: మధుమేహం, రక్తపోటు, స్థూలకాయం ఉన్నవారిలో మాత్రమే మూత్రపిండాల వ్యాధిని వెదకే పద్ధతి ఉత్తరాంధ్ర పల్లెలకు చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉద్దానం అనుభవాన్ని ఆధారంగా తీసుకొని, పాతపట్నం వంటి పొరుగు ప్రాంతాల్లో పరీక్షలు ఎలా ఉండాలో చర్చిస్తుంది.

కీలక పదాలు: ఉద్దానం, పాతపట్నం, మూత్రపిండాల వ్యాధి, క్రియాటినిన్, రక్తపోటు, జీవక్రియ.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రతనయ నది ఒడ్డున, ఒడిశాలోని పర్లాకిమిడికి చేరువలో ఉన్న పట్టణం పాతపట్నం. దీనికి తూర్పున, సముద్రతీరం వైపు కొబ్బరి, జీడి తోటలు పరచుకొన్న ప్రాంతం ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను సాధారణంగా ఈ పేరుతో వ్యవహరిస్తారు. 1990ల నుంచి ఈ తోటల సీమ పేరు మూత్రపిండాల వ్యాధితో ముడిపడిపోయింది. పాతపట్నం ఈ ఏడు మండలాల్లో లేదు. అయితే రైతుకూలీల శ్రమ, ఎండ, ఆహారం, వైద్యసౌకర్యాల దూరం రెండు చోట్లా దాదాపు ఒకటే. అందువల్ల ఉద్దానం నేర్పిన పాఠాన్ని దాని సరిహద్దుల్లోనే వదిలివేయడం సరికాదు.

2. మూడింటి మధ్య సంబంధం

గుండె, మూత్రపిండాలు, జీవక్రియ ఒకదానిపై ఒకటి ఆధారపడినవి. రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో అధికభాగాన్ని తిరిగి రక్తంలోకి పంపుతాయి. రక్తంలో చక్కెర, రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ వడపోత గుచ్ఛాలు దెబ్బతింటాయి. ఈ సంబంధాన్ని గుర్తించి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023 అక్టోబరులో గుండె, మూత్రపిండాలు, జీవక్రియల సమస్యలను ఒకే రుగ్మతగా నిర్వచించి, 0 నుంచి 4 వరకు దశలను సూచించింది. అందులో మొదటి దశ శరీరంలో అధిక కొవ్వు. తర్వాతి దశలో మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి వంటివి, చివరి దశల్లో గుండెజబ్బు వస్తాయి.

మన దేశానికీ ఈ క్రమం వర్తిస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం వయోజనుల్లో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి రక్తపోటు ఉన్నాయి. వ్యాధి నడిచే దారి ఇదొక్కటేనా అన్నది ప్రశ్న.

3. ఉద్దానం చూపే రెండో దారి

ఉద్దానంలో చాలామంది రోగులకు మధుమేహం ఉండదు. మూత్రంలో ప్రొటీను కూడా తరచు స్వల్పంగానే పోతుంది. బక్కపలుచని శరీరంతో రోజంతా ఎండలో పనిచేసే మనిషికి, ఏ హెచ్చరికా లేకుండా మూత్రపిండాల సామర్థ్యం తగ్గిపోతుంది. అక్కడి గ్రామాల్లో సుమారు 2,400 మందిని పరీక్షించిన ఒక అధ్యయనంలో ఐదింట ఒక వంతు మందికి మూత్రపిండాల వ్యాధి లక్షణాలు కనిపించాయి.

శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీల్లో ఇటువంటి వ్యాధే ఉంది. ఎండదెబ్బ, శరీరంలో నీరు తగ్గడం, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్లల అతివాడకం, వంశపారంపర్యత వంటి కారణాలను పరిశోధకులు పరిశీలిస్తున్నారు. ఏ ఒక్కటీ ఏకైక కారణంగా రుజువు కాలేదు. కనుక కారణం తేలేదాకా ఆగకుండా, వ్యాధిని ముందుగా గుర్తించడమే తక్షణ కర్తవ్యం.

4. క్రియాటినిన్ అంకెలోని చిక్కు

క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. కండ తక్కువ ఉన్న మనిషిలో అది తక్కువగానే తయారవుతుంది. కాబట్టి ఆ అంకెను వయసు, లింగం లెక్కలోకి తీసుకోకుండా చదివితే పొరపాటు జరుగుతుంది. ఉదాహరణకు క్రియాటినిన్ 1.2 మిల్లీగ్రాములు ఉన్న 25 ఏళ్ల యువకుడికి 2021 సూత్రం ప్రకారం వడపోత రేటు సుమారు 86 వస్తుంది. అదే 1.2 ఉన్న 50 ఏళ్ల స్త్రీకి సుమారు 55 మాత్రమే. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. అంటే ఒకే అంకె ఒకరికి ఊరట, మరొకరికి హెచ్చరిక. పోషకాహారం చాలని వ్యక్తిలో ఈ సూత్రం కూడా సామర్థ్యాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపవచ్చు. అటువంటప్పుడు కండరాలపై అంతగా ఆధారపడని సిస్టాటిన్–సి పరీక్ష ఉపకరిస్తుంది.

5. మూత్రపిండాల నుంచి గుండెకు

మధుమేహం లేదు కనుక గుండెకు ముప్పు లేదనుకోవడం మరో పొరపాటు. మూత్రపిండాలు బలహీనపడితే ఉప్పు, నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుంది. ఎరిత్రోపొయిటిన్ తగ్గి రక్తహీనత వస్తుంది. ఫాస్ఫేటు పెరిగి రక్తనాళాలు గట్టిపడతాయి. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఈ ఒత్తిడులన్నీ కలిసి గుండె ఎడమ జఠరికను మందపరుస్తాయి. డయాలిసిస్ దాకా చేరకముందే గుండెజబ్బుతో మరణించే మూత్రపిండాల రోగులు ఎందరో ఉంటారు. మొదటి దారిలో జబ్బు జీవక్రియ నుంచి మూత్రపిండాలకు నడిస్తే, రెండో దారిలో మూత్రపిండాల నుంచి గుండెకు నడుస్తుంది.

6. పల్లె స్థాయిలో చేయదగినవి

ప్రస్తుత జాతీయ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటినవారికి ప్రధానంగా రక్తపోటు, మధుమేహం, మూడు రకాల క్యాన్సర్ల పరీక్షలు జరుగుతాయి. ఉత్తరాంధ్రలో వీటికి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలను అందరికీ చేర్చాలి. ప్రయోగశాల నివేదికలో క్రియాటినిన్ పక్కనే వడపోత రేటును ముద్రించాలి. తేడా కనిపిస్తే మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఎండలో శ్రమించిన రోజున ఆ అంకె తాత్కాలికంగా పెరగవచ్చు కనుక నమూనా తీసే సమయాన్నీ గమనించాలి.

ఒళ్లునొప్పులకు నొప్పి బిళ్లలు వాడే అలవాటును, ఎండుచేపలు, ఊరగాయల ద్వారా చేరే ఉప్పును ఆశా కార్యకర్తలు అడిగి తెలుసుకోవాలి. పనివేళల్లో నీరు, నీడ, విశ్రాంతి అవసరం. అయితే వ్యాధి ముదిరినవారు ఎంత నీరు తాగాలో వైద్యుడే నిర్ణయించాలి.

7. ముగింపు

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పాతపట్నానికి సమీపంలోని హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తరలించే సుజలధార పథకమూ అదే రోజు ప్రారంభమైంది. ఆసుపత్రి రోగికి అండ, మంచినీరు అందరి హక్కు. కాని జబ్బు లక్షణాలు బయటపడేనాటికి మూత్రపిండాల సామర్థ్యంలో అధికభాగం పోయి ఉంటుంది. కాబట్టి చక్కెర లేని, లావు లేని, ఏ బాధా చెప్పని రైతుకూలీని కూడా పరీక్షించినప్పుడే ఈ సదుపాయాలకు సార్థకత. ఇటునుంచి ఉద్దానానికి నీరు వెళ్లింది. అక్కడి అనుభవం ఇటు పాతపట్నం పల్లెలకూ రావాలి.