లండన్‌లో ఒక్కరే ఉంటున్నారా? ఇవి మీకు తెలుసా?

లండన్ వెళ్లే పిల్లలకు మనవాళ్లు పచ్చళ్లు, పొడులు, ప్రెషర్ కుక్కర్ సర్ది పంపుతారు. అద్దె ఒప్పందంలో ఏం చూసుకోవాలో, ఏ బిల్లులో ఎంత తగ్గించమని అడగొచ్చో చెప్పి పంపేవాళ్లు తక్కువ. నలుగురితో కలిసి ఉంటే ఆ నలుగురిలో ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది. ఒక్కరే ఉండేవాళ్లకు ఆ అవకాశం లేదు. ఈ సంగతులు వాళ్ల కోసం.

● వారం అద్దెను నాలుగుతో హెచ్చవేస్తే నెల అద్దె రాదు. లండన్ ప్రకటనల్లో అద్దె తరచూ వారానికి ఇంత అని ఉంటుంది. 250 పౌండ్లు కనిపించగానే నెలకు వెయ్యేగా అనుకుంటాం. ఏడాదికి 52 వారాలు. కాబట్టి 52తో హెచ్చవేసి 12తో భాగించాలి. అప్పుడు నెలకు 1,083 పౌండ్లవుతుంది. ఏడాది తిరిగేసరికి వెయ్యి పౌండ్ల తేడా.

● 2025 నవంబరు 11 నుంచి లండన్‌లో చదివే స్టూడెంట్ వీసాకు, ట్యూషన్ ఫీజు కాక, నెలకు 1,529 పౌండ్ల చొప్పున 9 నెలలకు 13,761 పౌండ్లు చూపించాలి. ఆ డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. అది వీసా అధికారుల లెక్క మాత్రమే. సొంతంగా సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకుంటే చాలాచోట్ల ఆ 1,529 పౌండ్లూ అద్దెకే సరిపోతాయి. అందుకే లండన్‌లో ‘ఒక్కరే ఉండటం’ అంటే ఎక్కువమందికి ఒక ఇంట్లో ఒక గదే.

● ఆ గదికీ కొలత ఉంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు లేదా అంతకు మించి ఉండే షేరింగ్ ఇంటికి ఓనర్ లైసెన్సు తీసుకోవాలి. 2018 అక్టోబరు నుంచి అలాంటి ఇంట్లో ఒక మనిషి పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు తగ్గకూడదు. అంటే ఏడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. లైసెన్సు లేకుండా అద్దె వసూలు చేస్తే, కట్టిన అద్దె వెనక్కి ఇప్పించమని ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు.

● 2019 జూన్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ఇల్లు చూపించినందుకో, మీ వివరాలు వాకబు చేసినందుకో ఏజెంట్లు ఫీజు తీసుకోకూడదు. గది మీ కోసం ఆపి ఉంచడానికి వారం అద్దె, డిపాజిట్‌గా మామూలు ఇళ్లకు ఐదు వారాల అద్దె మించకూడదు. నెలకు 1,300 పౌండ్ల అద్దయితే డిపాజిట్ 1,500 దాటకూడదన్నమాట. ఆ డిపాజిట్‌ను 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన పథకంలో జమచేయాలి. అక్కడ హామీ సంతకం పెట్టేవాళ్లు లేరని మన విద్యార్థుల దగ్గర ఆరేసి నెలల అద్దె ముందే కట్టించుకోవడం మామూలుగా ఉండేది. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ప్రైవేటు ఇళ్లలో నెలకు మించి ముందస్తు అద్దె అడగకూడదు.

ఒక్క హెచ్చరిక. ఈస్ట్‌హామ్‌లోనో హౌన్‌స్లోలోనో తెలిసినవాళ్ల ఇంట్లో, ఓనర్లతో పాటే ఉంటే డిపాజిట్‌ను పథకంలో పెట్టాలన్న నిబంధన వర్తించదు. ఎంత మనవాళ్లయినా డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు అడగండి.

● కౌన్సిల్ ట్యాక్స్ మన ఇంటిపన్ను లాంటిదే గానీ, ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుంటే అక్కడ కట్టాల్సింది అద్దెకున్నవాళ్లే. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారన్న లెక్కతో బిల్లు వేస్తారు. ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గిస్తారు. అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే అయితే ఆ ఇంటికి పన్నే లేదు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ఒక ఉద్యోగి, ఇద్దరు విద్యార్థులు కలిసి ఉంటే విద్యార్థులను లెక్కలోకి తీసుకోరు. ఉద్యోగి ఒక్కరే ఉన్నట్టు చూసి ఆ ఇంటికీ 25 శాతం తగ్గిస్తారు. ఇవేవీ వాటంతటవి రావు, దరఖాస్తు చేయాలి.

వీసా మీద పబ్లిక్ ఫండ్స్ వాడుకోకూడదని రాసి ఉంటుంది కాబట్టి అడగడానికే భయపడేవాళ్లున్నారు. భయం అక్కర్లేదు. ఒంటరివాళ్ల తగ్గింపు, విద్యార్థుల మినహాయింపు పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు. ఆదాయం తక్కువని ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ మాత్రం వస్తుంది, దాని జోలికి వెళ్లకండి. కోర్సు ముగిసిన నాటి నుంచి మినహాయింపు పోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. గ్రాడ్యుయేట్ వీసాకు మారినవాళ్లు ఇక్కడే బకాయి పడుతుంటారు.

● ఈ పన్ను కోసం ఇళ్ల విలువను నేటికీ 1991 ఏప్రిల్ 1 నాటి ధరల ప్రకారమే లెక్కించి, ఇళ్లను బ్యాండ్లుగా విడదీస్తారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ ఉన్న వెస్ట్‌మినిస్టర్‌లో పన్ను, అదే బ్యాండ్ ఇంటికి లండన్‌లోనే ఉన్న కింగ్‌స్టన్‌లో కట్టేదాంట్లో సగం కూడా ఉండదు.

● 1888లో బారిస్టరు చదువుకు లండన్ వెళ్లిన గాంధీ మొదట ఒక కుటుంబంతో కలిసి ఉన్నారు. వారం వారం వాళ్లకు కట్టాలి, మర్యాద కోసం అప్పుడప్పుడు బయట భోజనం పెట్టించాలి, బండి ఖర్చులు సరేసరి. ప్రతి ఖర్చూ రాసుకునే అలవాటు ఉండబట్టి డబ్బు ఎక్కడ పోతోందో పట్టుకున్నారు. పని ఉన్న చోటికి అరగంటలో నడిచి చేరేలా విడిగా గదులు తీసుకున్నారు. రోజుకు ఎనిమిది, పది మైళ్లు నడిచేవారు. తర్వాత రెండు గదుల నుంచి ఒక గదికి మారి, స్టవ్ కొనుక్కుని, పొద్దున ఓట్స్ జావ, కోకో కాచుకునేవారు. మధ్యాహ్నం బయట భోజనం, రాత్రికి రొట్టె, కోకో. అలా రోజుకు షిల్లింగు మూడు పెన్నీలతో గడిపానని ఆత్మకథలో రాశారు. ఆయన తిండి తగ్గించుకున్న సంగతే అందరూ చెబుతారు. నా దృష్టిలో అంతకంటే తెలివైన పని, ప్రయాణ ఖర్చును బట్టి గదిని ఎంచుకోవడం.

● ఆ ప్రయాణం సంగతి. 2025లో లండన్ బస్సు టికెట్ 1.75 పౌండ్లు. మొదటి బస్సులో కార్డు తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ చార్జీ లేదు. రైలు మారే కొన్ని స్టేషన్లలో గులాబీ రంగు రీడర్లుంటాయి. వాటికి కార్డు తాకిస్తే మీరు నడిబొడ్డున ఉన్న జోన్ 1 గుండా వెళ్లలేదని తెలిసి, చార్జీ తగ్గుతుంది.

● ఫోన్‌లో తెలుగు వార్తా చానల్ లైవ్ చూసినా, క్రికెట్ మ్యాచ్ లైవ్ చూసినా బ్రిటన్‌లో టీవీ లైసెన్సు ఉండాలి. విదేశీ చానలైనా, యూట్యూబ్‌లోనైనా ఇంతే. 2025 ఏప్రిల్‌లో దాని ధర ఏడాదికి 174.50 పౌండ్లు. నెట్‌ఫ్లిక్స్ సినిమాలకు, యూట్యూబ్‌లో లైవ్ కాని వీడియోలకు అక్కర్లేదు.

● బ్రిటన్‌లో ఉంటున్న భారత పౌరులు అక్కడి ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ రికార్డు మెరుగుపడుతుంది, మరో ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు అది పనికొస్తుంది.

● చేతిలో డబ్బు అయిపోయిన రోజున ఆకలితో పడుకోవద్దు. సౌత్‌హాల్‌లోని శ్రీ గురు సింగ్ సభ గురుద్వారాలో ఎవరు వెళ్లినా ఉచితంగా శాకాహార భోజనం పెడతారు. ఎవరనీ, ఎందుకొచ్చారనీ అడగరు.

అద్దె చిక్కులకు షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ సంస్థలు ఉచితంగా సలహా ఇస్తాయి. మీ వాళ్లెవరైనా లండన్‌లో ఇల్లు మొత్తం తీసుకుని ఒక్కరే ఉంటుంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో 25 శాతం తగ్గిందో లేదో చూడమనండి. తగ్గకపోతే దరఖాస్తు చేయించండి, గడిచిన నెలలకు కూడా అడగమనండి.