ఫిరంగులు దించిన ఓడ

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ శివార్లలో హాఫ్‌మూన్ బే అనే చిన్న అఖాతం ఉంది. ఒడ్డున నిలబడితే నీళ్లలో తుప్పు పట్టిన ఓడ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు సెర్బెరస్. గ్రీకు పురాణాల్లో మృత్యులోకపు వాకిలి కాసే కుక్క పేరది.

పందొమ్మిదో శతాబ్దంలో, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా ప్రాంతం బ్రిటిష్ వలస. అక్కడ బంగారం దొరికింది. బంగారంతో పాటు భయమూ వచ్చింది. రష్యా నౌకలొచ్చి మీద పడతాయేమోనన్న దిగులుతో ఇంగ్లండులో ఈ ఇనుప యుద్ధనౌకను కట్టించారు. 1871లో అది మెల్‌బోర్న్ చేరింది. దానికి నాలుగు ఫిరంగులు, ఒక్కొక్కటీ 18 టన్నులు. కానీ ఎదురుచూసిన శత్రువు రానేలేదు. సెర్బెరస్ యుద్ధంలో ఒక్క గుండూ పేల్చలేదు.

1924లో దాన్ని తుక్కు కింద అమ్మేశారు. పనికొచ్చే సామాను ఊడదీశాక మిగిలినదాన్ని స్థానిక పురపాలక సంఘం 150 పౌండ్లకు కొని, 1926లో కావాలనే అక్కడ ముంచింది. అలల తాకిడికి చిన్న పడవలు దెబ్బతినకుండా అడ్డుగోడగా ఉంటుందని! శత్రువును ముంచడానికి పుట్టిన ఓడ తానే మునిగి పడవలకు కాపలా అయింది. ఆయుధాలు సేద్యపు పనిముట్లయ్యే రోజును చూసిన యెషయా ప్రవక్త గుర్తుకు రావడం లేదూ?

1993లో ఓడ అడుగుభాగం కుంగిపోయింది. తుప్పు తిన్న ఇనుము పైబరువును మోయలేకపోయింది. మిగిలినదైనా నిలవాలని తర్వాత ఫిరంగులను దించి పక్కనే సముద్రగర్భంలో ఉంచారు. 2005లో ఆస్ట్రేలియా ఈ ఓడను జాతీయ వారసత్వ సంపదగా గుర్తించి చట్టరక్షణ కల్పించింది.

మన ఇళ్లలోనూ ఇలాంటి ఫిరంగులున్నాయి. ఆస్తి పంపకాలనాడు అన్న అన్న మాట, పెళ్లిలో జరిగిన అవమానం, ఎప్పటికైనా బదులు చెప్పాలన్న పంతం. వాటిని పేల్చం, అలాగని దించం. ఏళ్ల తరబడి మోస్తూ లోలోపల తుప్పు పడుతుంటాం. ఎదుటివాడికి ఏమీ కాదు, కుంగిపోయేది మనమే.

కత్తి ఒరలో పెట్టమని యేసు పేతురుకు చెప్పింది శత్రువులు లేనప్పుడు కాదు, వాళ్లు చుట్టుముట్టిన రాత్రే. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమని బోధించిందీ ఆయనే. ఈ ఆదివారం ఆరాధనకు బయలుదేరేముందు, మాటలు మానేసిన ఆ ఒక్కరికి ఫోను చేద్దామా?